రోప్‌వే, బస్సు, మెట్రో, పడవ: విశాఖ కొండల మధ్య ఏది ఎక్కడ నప్పుతుంది

విశాఖపట్నంలో రోప్‌వే మాట వస్తే చాలు, మనుషులు రెండు జట్లవుతారు. ఒక జట్టుకు అది అభివృద్ధి, పర్యాటకం, అందమైన ఫొటో. రెండో జట్టుకు అది కొండ నెత్తిన దిగ్గొట్టే మేకు. రెండు జట్లూ వేసే ప్రశ్న మాత్రం ఒకటే: రోప్‌వే మంచిదా, చెడ్డదా? నిచ్చెన గురించి ఎవరూ అలా అడగరు, ఏ గోడకు వేస్తున్నారో చూస్తారు. ఈ వ్యాసంలో మన ఊరి గోడలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ఊరి తీరే ఇలాంటి ఆలోచనలు పుట్టిస్తుంది. ఉత్తరాన సింహాచలం కొండలు, సముద్రం అంచున కైలాసగిరి. దక్షిణాన యారాడ కొండలు, వాటి కొస డాల్ఫిన్స్ నోస్. నడుమ మేఘాద్రి గెడ్డ, నారవ గెడ్డ వంటివి పారే పల్లపు నేల, దాని చివర ఓడరేవు. చెప్పుకోదగ్గ పెద్ద నది లేదు గానీ ఊరు పెరిగింది మాత్రం ఒక లోయలోనే. ఈ కొండ మీద నిలబడితే ఆ కొండ కనిపిస్తుంది, మధ్యలో ఆగిపోయిన వాహనాల బారు కూడా కనిపిస్తుంది. ఇటు నుంచి అటు ఒక తాడు వేస్తే పోలేదా అనిపించడం సహజం.

అనిపించడం వేరు, తేల్చుకోవడం వేరు. ముందుగా, ఇదే వాదన మొదలై, ముదిరి, ఒక తీర్పుతో ముగిసిన ఊరిని చూస్తే మన పని కొంత తేలికవుతుంది.

ఎడ్మంటన్‌లో ఏం వాదించుకున్నారు

కెనడాలో అల్బర్టా రాష్ట్ర రాజధాని ఎడ్మంటన్. నార్త్ సస్కాచెవాన్ నది ఆ నగరాన్ని రెండుగా చీల్చుకుంటూ పోతుంది. నదికి రెండు వైపులా లోతైన లోయ, ఆ లోయ నిండా చెట్లు, పార్కులు, నడక దారులు. అక్కడివాళ్లకు ఆ లోయ అంటే మనకు బీచ్ రోడ్డు ఎంతో అంత. ఒక ఒడ్డున డౌన్‌టౌన్, ఎదురు ఒడ్డున ఓల్డ్ స్ట్రాత్‌కోనా అనే పాత వ్యాపార ప్రాంతం. ఈ రెండింటినీ కలుపుతూ సుమారు రెండున్నర కిలోమీటర్ల గొండోలా (తాడుకు వేలాడే చిన్న క్యాబిన్లు తిరుగుతూ ఉండే రోప్‌వే) కడతామని ప్రైరీ స్కై అనే ప్రైవేటు సంస్థ ముందుకొచ్చింది. 2018లో పౌరుల నుంచి కొత్త ఆలోచనలు ఆహ్వానించిన ఒక పోటీలో ఈ ఊహ గెలిచింది, ఆ తర్వాతే అది ప్రతిపాదనగా మారింది.

సంస్థ మాట వినడానికి చాలా బాగుండేది. నిర్మాణం మా డబ్బుతోనే, పన్ను కట్టేవాళ్ల మీద భారం లేదు, నగరం చేయాల్సిందల్లా స్టేషన్లకూ స్తంభాలకూ స్థలం లీజుకు ఇవ్వడమే. లోయను నిమిషాల్లో దాటవచ్చు, పర్యాటకులు వస్తారు.

ఎదుటివాళ్లు లేవనెత్తిన అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది రాస్‌డేల్ గురించి. నది ఒడ్డున ఉన్న ఆ ప్రాంతం మూలవాసుల పూర్వీకులను పాతిపెట్టిన నేల. ఆ నేల మీద స్టేషన్ కట్టే ముందు ఎవరిని అడిగారు, ఎంతవరకు అడిగారు అన్నది పెద్ద వివాదమైంది. రెండో అభ్యంతరం డబ్బు గురించి. నిర్మాణ ఖర్చు మీదే సరే, టికెట్లు అమ్ముడుపోక సంస్థ మూతపడితే లోయలో నిలబడ్డ స్తంభాలను ఎవరు పీకేస్తారు? మూడోది నాకు బాగా నచ్చిన అభ్యంతరం: నది దాటడానికి అప్పటికే వంతెనలు ఉన్నాయి, వాటి మీద బస్సులు ఉన్నాయి, నగర రైలు కూడా నది దాటుతోంది. అలాంటప్పుడు గొండోలా ఎవరి రోజువారీ కష్టాన్ని తీరుస్తుంది?

2022 ఆగస్టులో నగర కౌన్సిల్ భారీ మెజారిటీతో ఆ సంస్థతో ఒప్పందాన్ని ముగించింది. అప్పటి మేయర్ అమర్‌జీత్ సోహీ పంజాబ్ నుంచి వెళ్లినవారు, ఒకప్పుడు అదే నగరంలో సిటీ బస్సు నడిపినవారు. ఈ వివరానికి తీర్పుతో సంబంధం ఉందని చెప్పను గానీ, రవాణా గురించి వాదించే సభలో బస్సు నడిపిన మనిషి ఒకరుండటం మన దగ్గర కూడా జరిగితే బాగుండుననిపిస్తుంది.

ఈ కథను చూపించి రోప్‌వేలే వద్దనడం తొందరపాటు. ఎడ్మంటన్‌లో ఓడిపోయింది తాడు కాదు, ఆ చోటు. అడ్డంకి మీద అప్పటికే వంతెన ఉంటే తాడుకున్న అసలు బలం పోతుంది, మిగిలేది దృశ్యం ఒక్కటే.

లెక్కలు ముందు, ఇష్టాలు తర్వాత

నగరాల్లో వాడే రోప్‌వేలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది రెండే పెద్ద క్యాబిన్లున్నది: ఒకటి ఇటు వస్తుంటే రెండోది అటు పోతుంది. 2020 ఆగస్టులో గువాహటిలో బ్రహ్మపుత్ర మీద ప్రారంభమైనది ఈ రకమే. 1.8 కిలోమీటర్ల దూరం, ఖర్చు 56 కోట్ల రూపాయలు. వంతెన చుట్టూ తిరిగి గంటకు పైగా పట్టే ప్రయాణం ఎనిమిది నిమిషాలకు తగ్గింది. కానీ ఒక్కో క్యాబిన్‌లో ముప్పై మంది ఎక్కితే గంటకు ఒక దిక్కున రెండు మూడు వందల మందిని మించి దాటించలేదు. మన లెక్కలో నాలుగైదు సిటీ బస్సుల జనం.

రెండో రకం ఒకే తాడు మీద ఆగకుండా తిరిగే చిన్న క్యాబిన్లు. పది మంది పట్టే క్యాబిన్ పన్నెండు సెకన్లకొకటి వస్తే గంటకు మూడు వేల మంది. ఇది చిన్న సంఖ్య కాదు, అరవై మందితో నిండిన బస్సు ప్రతి 72 సెకన్లకూ బయలుదేరినంత. పైగా స్టేషన్‌లో ఎదురుచూపు దాదాపు ఉండదు. మూడో రకం మూడు తాళ్ల మీద నడిచేది. పెద్ద క్యాబిన్లు, గాలికి ఎక్కువ ఓర్పు, ఖర్చూ ఎక్కువే. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో 2022లో మొదలైన మూడు కిలోమీటర్ల తెలెయో ఇలాంటిదే.

వేగం విషయంలో మాత్రం భ్రమ వద్దు. ఒకే తాడు గొండోలా గంటకు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా నడుస్తుంది. గాల్లో ఎగురుతున్నట్టు కనిపిస్తుంది గానీ మన పాత సైకిళ్లు పోటీకి రాగలవు. అది గెలిచేది వేగంతో కాదు, అడ్డదారితో.

ఖర్చు దగ్గర ఇంకో ఆశ్చర్యం ఉంది. వారణాసిలో కంటోన్మెంట్ రైల్వేస్టేషన్ నుంచి గోదౌలియా దాకా రోప్‌వేకు 2023 మార్చిలో శంకుస్థాపన చేశారు. సుమారు 3.75 కిలోమీటర్లు, ఐదు స్టేషన్లు, అప్పటి అంచనా దాదాపు 645 కోట్లు. కిలోమీటరుకు 170 కోట్ల పైమాటే. విశాఖ మెట్రో మొదటి దశ ప్రతిపాదన 46.23 కిలోమీటర్లకు 11,498 కోట్లు, అంటే కిలోమీటరుకు సుమారు 250 కోట్లు. రోప్‌వే చవక అని చెప్పే ప్రతివారూ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకోవాలి. మెట్రో మోయగల జనం ఎన్నో రెట్లు ఎక్కువ. మరి గువాహటికి కిలోమీటరుకు ముప్పై కోట్ల చిల్లరే ఎందుకైంది? అక్కడ రెండే స్టేషన్లు, రెండే క్యాబిన్లు. రోప్‌వేలో తాడు కన్నా స్టేషన్లు, యంత్రాలు డబ్బు తింటాయి. మధ్యలో మా కాలనీకీ ఒక స్టేషన్ అని అడిగిన కొద్దీ చవకదనం కరిగిపోతుంది.

ఎక్కడ నిలబడింది, ఎక్కడ పడిపోయింది

కొలంబియాలోని మెడెలిన్‌లో 2004లో కొండవాడలకు వేసిన మెట్రోకేబుల్, బొలీవియాలో లా పాజ్‌ను పైనున్న ఎల్ ఆల్టోతో 2014 నుంచి కలుపుతున్న మీ తెలెఫెరికో నిజంగా జనం వాడే రోప్‌వేలు. లా పాజ్‌లో ఇప్పుడు పది మార్గాలున్నాయి. రెండు చోట్లా ఎత్తు పెద్ద అడ్డంకి, రోడ్లు ఇరుకు, మెట్లెక్కి దిగే పేదలే ప్రధాన ప్రయాణికులు. తులూజ్‌లో నదినీ కొండనూ దాటి క్యాన్సర్ ఆసుపత్రి, మరో పెద్ద ఆసుపత్రి, విశ్వవిద్యాలయం కలిశాయి, సిటీ బస్సు టికెట్టే దానికీ చెల్లుతుంది.

లండన్‌లో థేమ్స్ మీద 2012 ఒలింపిక్స్‌కు ముందు సుమారు ఆరు కోట్ల పౌండ్లతో వేసిన కేబుల్ కార్ ఎక్కువగా పర్యాటకులదే అయింది. పక్కనే అదే నదిని జూబిలీ లైన్ రైలు కింద నుంచి దాటేస్తుంటే ఆఫీసుకు పోయేవాడు గాల్లోకి ఎందుకెక్కుతాడు? రియో డి జనీరోలో అలెమావ్ కొండవాడల మీద 2011లో ఆర్భాటంగా మొదలైన రోప్‌వే 2016లో ఆగిపోయింది. కట్టడానికి దొరికిన డబ్బు నడపడానికి దొరకలేదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కొండ మీది ఆసుపత్రికి వేసిన, ట్రామ్ అని పిలిచే రోప్‌వే తొలి అంచనా ఒకటిన్నర కోట్ల డాలర్ల దగ్గర మొదలై 5.7 కోట్ల డాలర్ల దగ్గర తేలింది. అయినా అది నడుస్తోంది, ఎందుకంటే రోజూ కొండెక్కక తప్పని ఉద్యోగులు, రోగులు ఉన్నారు, ఖర్చులో పెద్ద వాటా ఆసుపత్రే మోసింది.

ఇక మన ఊరికి వద్దాం.

సింహాచలం

విశాఖలో తాడుకు అర్హత ఉన్న చోటు ఒక్కటే చెప్పమంటే నేను సింహాచలమే చెబుతాను. కింద అడవివరం, పైన అప్పన్న గుడి, మధ్యలో మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు, మెట్లదారి మొదలయ్యే తొలిపావంచా నుంచి వెయ్యికి దగ్గరగా మెట్లు. మోకాళ్లు సహకరించని పెద్దలకు మెట్లు కుదరవు. ఘాట్ రోడ్డు మీద కార్లు, ఆటోలు, దేవస్థానం బస్సులు ఒకదాని వెనక ఒకటి. కొండ ఉంది, దూరం చిన్నది, ఏడాది పొడవునా జనం ఉన్నారు, వాళ్లలో వృద్ధులు ఎక్కువ. మెడెలిన్ లక్షణాలు చాలావరకు ఇక్కడ కనిపిస్తాయి.

అయితే రోప్‌వేను సమర్థించడానికి పండగ రోజు ఫొటోలు చూపిస్తే నమ్మకండి. చందనోత్సవానికీ గిరి ప్రదక్షిణకూ వచ్చేవాళ్లు లక్షల్లో ఉంటారు. గంటకు మూడు వేల చొప్పున పదహారు గంటలు నడిపినా పైకి చేరేది 48 వేల మంది. అంటే పండగ రోజు బస్సులూ ఉండాలి, మెట్లూ ఉండాలి, తాడు అదనపు చెయ్యి మాత్రమే. గిరి ప్రదక్షిణ ఎలాగూ కొండ చుట్టూ 32 కిలోమీటర్ల కాలినడక, దానికీ క్యాబిన్‌కూ సంబంధమే లేదు.

ఇంకో సంగతి కొండ పైన ఉంది. రద్దీ రోజున అసలు ఇరుకు రోడ్డా, దర్శనం క్యూలా? దర్శనం క్యూ గంటకు ఎంతమందిని పంపగలదో అంతకు మించి జనాన్ని పైకి చేరవేస్తే మేలు కన్నా ముప్పు ఎక్కువ. 2025 చందనోత్సవం నాడు క్యూ పక్కన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. పై స్టేషన్ ఎక్కడ దిగుతుంది, అక్కడి నుంచి జనం ఎటు కదులుతారు, వర్షంలో ఎక్కడ నిలబడతారు అనే పటం లేకుండా కింది స్టేషన్ నమూనా బొమ్మ చూపిస్తే ఆ బొమ్మను పక్కన పెట్టండి.

కింద కూడా చిక్కులున్నాయి. పంచగ్రామాల భూ వివాదం, అంటే దేవస్థానం తనవనే భూముల్లో అయిదు ఊళ్లవాళ్ల ఇళ్ల హక్కుల గొడవ, ఈ ఊరికి కొత్త కాదు, అడవివరం ఆ అయిదింటిలో ఒకటి. ఇంటి పట్టాల కోసమే దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నవాళ్ల డాబాల మీదుగా క్యాబిన్లు పంపుతామంటే ఏం వినాల్సి వస్తుందో ఊహించడం కష్టం కాదు. రాస్‌డేల్‌లో చేసిన పొరపాటు ఇదే: స్తంభం పాతే నేలకు ఒక చరిత్ర ఉంటుందని ఆలస్యంగా గుర్తుకొచ్చింది. దారి మొత్తం కొండ అంచు మీదుగా పోయేలా గీస్తే ఇళ్ల గొడవ తగ్గుతుంది గానీ అటవీ అనుమతుల గొడవ పెరుగుతుంది. రెండిటిలో ఏది ఎంతో ముందే చెప్పాలి.

నా తీర్పు: షరతులతో సరే. కింది స్టేషన్ సిటీ బస్సు దిగే చోటికి అయిదు నిమిషాల నడకలో ఉండాలి, ఛార్జీ దేవస్థానం బస్సుకు దగ్గరగా ఉండాలి, ఘాట్ రోడ్డు బస్సులను ఆపకూడదు. మూడు వందల రూపాయల టికెట్ పెట్టి, చుట్టూ దుకాణాలు కట్టి, కార్ల పార్కింగ్‌ను కొండ మీద నుంచి కొండ కిందికి మార్చడమే ప్రణాళిక అయితే వద్దు.

ఓడరేవు దాటడం

పాతనగరం నుంచి డాల్ఫిన్స్ నోస్ వైపు గాల్లో పోవాలనే ఊహ చాలా అందమైనది, చాలా అసాధ్యమైనది కూడా. లోపలి రేవుకు పెద్ద ఓడలు ఆ ముఖద్వారం గుండానే రావాలి. థేమ్స్ మీద ఓడలకు దారి ఇవ్వడానికి లండన్ తన స్తంభాలను 90 మీటర్ల దాకా లేపింది. ఇక్కడ ఓడలకు తోడు తూర్పు నౌకాదళం ఉంది, నావికాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగ ఉంది. పౌర విమానాలు భోగాపురానికి తరలినా నౌకాదళ విమానాలు ఎక్కడికీ పోవు. రక్షణ స్థావరాల మీదుగా పర్యాటకులను అద్దాల పెట్టెల్లో తిప్పడానికి ఎవరు సంతకం పెడతారు? ఈ దారికి పడవే సరైన సాధనం, అది కూడా ఓడరేవు ఒప్పుకున్న వేళల్లో.

గాజువాక నుంచి కొమ్మాది దాకా

దీని మీద ఎక్కువ చెప్పను. మెట్రో ప్రతిపాదనలో స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు. గొండోలాలో ఆ దూరం గంటా నలభై నిమిషాలకు పైనే పడుతుంది. జాతీయ రహదారి పొడవునా తాడు అనే ప్రతిపాదన ఎవరైనా తెస్తే మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపండి.

ఇక్కడ పోటీ మెట్రోకూ బస్సుకూ మధ్యనే. మెట్రో వచ్చేదాకా బస్సుకు ప్రత్యేక వరస ఇవ్వడమే మార్గం. పెందుర్తి, సింహాచలం దారుల్లో బీఆర్టీఎస్ (బస్సులకు ప్రత్యేక వరస ఉండే పథకం) పేరిట రోడ్లు వేసి, బస్సు మాత్రం అనుకున్నట్టు వాటి మధ్య వరసలో పరుగెత్తలేకపోయిన అనుభవం మన కళ్లముందే ఉంది. రోడ్డు మీద ఉన్న బస్సుకే దారి ఇప్పించలేని ఊరు, గాల్లో వేసినదాన్ని ఇరవై ఏళ్లు శ్రద్ధగా చూసుకుంటుందా అని నాకు అనుమానం వస్తే తప్పు పట్టకండి.

కైలాసగిరి, బీచ్ రోడ్డు

కైలాసగిరికి రోప్‌వే ఇప్పటికే ఉంది. అది వినోదం, వినోదంగానే చూడాలి: టికెట్ డబ్బుతో నడిచిందా, భద్రంగా నడిచిందా, అంతే. దాన్ని చూపించి రవాణా సమస్య తీరుతుందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. బీచ్ రోడ్డు పొడవునా తాడు వేయడంలో నాకు ఏ ప్రయోజనమూ కనిపించదు. నేల చదునుగా ఉంది, అడ్డంకి లేదు, తీరప్రాంత నిబంధనలు ఉన్నాయి, గాలి నేరుగా కొడుతుంది. అక్కడ మంచి ఫుట్‌పాత్, పది నిమిషాలకొక ఎలక్ట్రిక్ బస్సు చాలు.

గాలి, ఉప్పు, ఉక్కపోత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రోజు ఏ రోప్‌వే కూడా నడవదు, నడపకూడదు. తుపాను ముందు క్యాబిన్లను తాడు మీద నుంచి తీసి షెడ్డులో పెట్టే వీలుందా అన్నది ముఖ్యం. మామూలు రోజుల సంగతి ఇంకా ముఖ్యం: ఒకే తాడు రకాన్ని సాధారణంగా అరవై, డెబ్బై కిలోమీటర్ల గాలులకే ఆపేస్తారు, మూడు తాళ్ల రకం వంద దాకా తట్టుకుంటుంది. ఏడాదిలో ఎన్ని రోజులు ఆగుతుందో, ఆ రోజుల్లో బస్సు ఎక్కడి నుంచి వస్తుందో ప్రణాళికలో రాసి ఉండాలి. సముద్రపు ఉప్పుగాలి ఉక్కును ఎలా తింటుందో బీచ్ దగ్గర ఇంటి కిటికీ ఊచలు చూసినవాళ్లకు తెలుసు.

ఉక్కపోత గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కదిలే తాడుకు వేలాడే క్యాబిన్‌కు కరెంటు అందించడం తేలిక కాదు, అందుకే చాలా గొండోలాల్లో ఏసీ ఉండదు. లా పాజ్ చలి ఊరు, మెడెలిన్ ఏడాదంతా చల్లన. మే నెల మధ్యాహ్నం మన గాలిలో తేమతో, నాలుగు వైపులా అద్దాలున్న పెట్టెలో ఎనభై ఏళ్ల మనిషి పది నిమిషాలు ఎలా కూర్చుంటారో నమూనా క్యాబిన్‌లో కూర్చోబెట్టి చూడాల్సిందే.

భద్రత మీద రెండు ఘటనలు గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని దేవఘర్ దగ్గర త్రికూట పర్వతం రోప్‌వే విఫలమై పదుల మంది రాత్రంతా గాల్లో వేలాడారు, వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది, ముగ్గురు చనిపోయారు. 2021 మేలో ఇటలీలోని మొత్తరోనేలో తాడు తెగి 14 మంది మరణించారు. అత్యవసర బ్రేకు మాటిమాటికీ పడుతోందని దాన్ని పనిచేయకుండా చేసి నడిపినట్టు తేలింది. రెండో ఘటన నన్ను ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే సేవ ఆగకూడదనే ఒత్తిడి ప్రతి చోటా ఉంటుంది. సక్రమంగా నడిచే రోప్‌వేలు ప్రమాదకరమైనవి కావు, కానీ తనిఖీ చేసేవారు నడిపేవారి జీతగాళ్లు కాకూడదు.

నివేదిక చేతికొస్తే

అభిప్రాయ సేకరణకు పిలిచినప్పుడు మాట్లాడే సమయం రెండు నిమిషాలే దొరుకుతుంది. అందం గురించి అందులో ఒక్క సెకను కూడా వెచ్చించకండి. మామూలు మంగళవారం నాడు ఎంతమంది ఎక్కుతారని లెక్క వేశారో అడగండి, ఆదివారం అంకె వద్దనండి. నిర్వహణ ఖర్చు ఎవరి ఖాతాలో ఉందో, సంస్థ మధ్యలో వదిలేస్తే స్తంభాలు తొలగించడానికి ముందుగా డిపాజిట్ కట్టించారా అన్నది అడగండి. ఎడ్మంటన్‌లో కౌన్సిల్ సభ్యులను వెనక్కి లాగిన సందేహాల్లో ఇది ముఖ్యమైనది. ప్రైవేటు పెట్టుబడి కదా, మనకేం పోయిందనే మాటకు అదే జవాబు: నేల మనది, శిథిలాలూ మనవే అవుతాయి.

ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబులు లేకపోతే సింహాచలానికైనా సరే, ముందు బస్సుతోనే పరీక్షించమనండి. ఆరు నెలల పాటు వారాంతాల్లో ఘాట్ రోడ్డు మీద సొంత కార్లను ఆపి, అడవివరం నుంచి అయిదు నిమిషాలకొక చిన్న బస్సు నడిపి, ఎంతమంది ఎక్కారో, వాళ్లలో పెద్దలు ఎందరో, ఏ గంటలో రద్దీ పెరిగిందో రాసిపెట్టాలి. బస్సుతోనే పని జరిగిపోతే ఎన్నో కోట్లు మిగులుతాయి. జరగకపోతే ఎన్ని క్యాబిన్లు, ఎంత సామర్థ్యం కావాలో ఆ లెక్కల పుస్తకంలోనే దొరుకుతుంది, టెండరు దాని మీదే రాయవచ్చు.